చేప కాదు, మోడు

మా ఊళ్ళో మగవాళ్ళకి జనవరి అంటే భయం. చలికి కాదు. చలికి భయపడేవాడు తూర్పు టెనసీ కొండల్లో కాపురం ఎందుకుంటాడు? జనవరికల్లా సరస్సులో నీళ్ళు దిగిపోతాయి, అదీ భయం. వసంతంలో వచ్చే వరదకి జాగా కావాలని ఆనకట్టవాళ్ళు ఆకులు రాలే రోజుల నుంచే నీళ్ళు వదిలేస్తారు. కొత్త సంవత్సరం వచ్చేసరికి గట్ల వెంబడి ఎర్రమట్టి తేలుతుంది. ఆ మట్టిలో, ఆనకట్ట కట్టే ముందు నరికేసిన చెట్ల మోళ్ళు తేలతాయి. ఆ మోళ్ళ నిండా, వేసవంతా మేము పోగొట్టుకున్న కొయ్య ఎరలు, రేకు ఎరలు వేలాడుతుంటాయి.

వేసవిలో ఎర పోయినప్పుడు మోడుకి తగులుకుని పోయిందని చెప్పిన మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందరి ఎరలూ చేపలే తెంపుకుపోతాయి. ఎంత చేప అని అడిగితే చేతులు బారచాపి చూపిస్తారు. పొద్దు వాలేకొద్దీ ఆ చేతులు దూరం జరుగుతాయి. మాది మద్యం అమ్మకూడని జిల్లా కాబట్టి మిగతా జిల్లాల కంటే ఎక్కువ తాగుతాం, అప్పుడు చేతులు చాలక పక్కవాడి చెయ్యి కూడా అరువు తెచ్చుకుంటాం.

ఈ కోతలంటే మా వదిన నెల్డాకి ఒళ్ళు మంట. మా అన్న హెర్షెల్ టిడ్‌వెల్ భార్య ఆవిడ. మనిషి పొడుగు, మాట కరుకు, కింది పెదవి వెనక ఎప్పుడూ చిటికెడు నశ్యం. పడవలు దించే రేవు పక్కనే ఆవిడ కొట్టు. ముందు సగంలో గాలాలు, సీసపు గుండ్లు, తొట్టెల్లో బతికున్న చిన్నచేపలు అమ్ముతుంది. వెనక సగంలో పొయ్యి, బల్ల, నాలుగు స్టూళ్ళు. పొద్దున్నే పొంగిన మెత్తటి బిస్కట్లు, వాటి మీద మిరియాల గ్రేవీ. పెళ్ళి కాని నేను రోజూ అక్కడే తింటాను. తిన్నదానికి బదులుగా చిన్నచేపల తొట్టెలు కడుగుతాను. ఆవిడ వంట, నా కడగడం, రెండూ రోజు బట్టి ఉంటాయి.

నీళ్ళు దిగిన రోజునుంచి వదిన రబ్బరు బూట్లేసుకుని, భుజాన గోనెసంచి తగిలించుకుని మట్టిలోకి వెళ్తుంది. సాయంత్రానికి సంచి నిండా ఎరలు. వాటిని కడిగి, తుప్పు గోకి, బల్ల వెనకున్న గోడ మీద మేకులకి వేలాడదీస్తుంది. ఎక్కడ దొరికిందో పక్కనే సుద్దముక్కతో రాస్తుంది. ఎవడి ఎర వాడికి తెలుస్తుంది. రంగు ఊడిన చోటో, మార్చిన గాలమో, పంటితో కొరికిన గుర్తో ఉంటుంది. వాడొచ్చి ఉచితంగా పట్టుకుపోవచ్చు. ఒకటే షరతు. గోడ ముందు నిలబడి, తినేవాళ్ళందరికీ వినపడేలా "చేప కాదు, మోడు" అనాలి.

బాస్ చేపలు పట్టేవాళ్ళ క్లబ్బు ప్రెసిడెంటు బక్ హార్గ్రోవ్ ఆ గోడ ముందు నిలబడ్డ రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ట్రాక్టర్లు అమ్ముతాడు బక్. ఆ వేసవిలో పందిపిల్లంత బాస్ తన తళుకు రేకుల ఎరని తెంపుకుపోయిందని చర్చిలో కూడా చెప్పాడు, అదీ సాక్ష్యాలిచ్చే సమయంలో.

"నెల్డమ్మా, అది చూస్తే నాదిలా ఉందే," అన్నాడు గోడకేసి చూసి, ఏదో పక్కింటి కుక్క గురించి అడుగుతున్నట్టు.

"నీదే. రేవు పక్కనున్న మోడు మీద దొరికింది. నీ చేప అక్కడ దిగి పళ్ళు తోముకుందేమో!"

"ఎవరో కావాలని తగిలించి ఉంటారు."

"అయితే నీది కాదన్నమాట. ఉండనీలే."

బక్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. ఎర కొత్తది, ఖరీదైనది. గొంతులోనే ఏదో గొణిగాడు.

"ఏవిటీ? తొట్టెల దాకా వినపడాలయ్యా. చేపలు కూడా వినాలి, పాపం నింద వాటి మీద వేశావు."

"చేప కాదు, మోడు! చాలా?"

"చాలు. గ్రేవీ ఇంకాస్త వెయ్యనా?"

నేనూ ఆ గోడ ముందు నిలబడ్డవాణ్ణే. మొదటిసారి పన్ను పీకించుకున్నట్టుంటుంది. తర్వాత అలవాటైపోతుంది. మా ఊళ్ళో చర్చిలో కంటే ఆ బల్ల దగ్గరే ఎక్కువ పాపాలు ఒప్పుకున్నారని నేనంటే, వదిన కాదనలేదు. అక్కడ ఎవరూ కానుకలపళ్ళెం తిప్పరు అంది.

ఆవిడ ఇన్ని మాటలు అనగలిగిందంటే దానికి కారణం, చేపలు పట్టడంలో ఆవిడకి సాటి ఎవరూ లేకపోవడం. అయినా క్లబ్బులో ఆడవాళ్ళకి చోటు లేదు. పడవలో ఆడమనిషి ఉంటే మగవాళ్ళకి ఒంటేలుకి ఇబ్బంది అని బక్ చెప్పిన కారణం. మీ గురి నేను ఎలాగూ చూశాను, పడవ ముక్కుకి కూడా తగల్లేదు అని వదిన జవాబు. డెబ్బైల నాటి మాట ఇది.

ఆవిడ పట్టు రబ్బరు వానపాములో ఉంది. వాటిని ఆవిడే పోసుకునేది. ఒక పొయ్యి మీద గ్రేవీ, రెండో పొయ్యి మీద కరుగుతున్న ప్లాస్టిక్కు. ద్రాక్షపండు రంగు కలిపి అచ్చుల్లో పోసి చల్లారబెడితే జానెడు పొడుగు వానపాములు. ఓసారి పాస్టరుగారి భార్య వాటిని మిఠాయి అనుకుని ఒకటి నోట్లో వేసుకుంది. మర్యాదస్తురాలు, చివరిదాకా నమిలింది.

వానపాముని గాలానికి గుచ్చడంలోనే ఉంది సగం పని. గాలం మొనని మళ్ళీ వానపాము ఒంట్లోకే దోపి దాచాలి. అప్పుడది మోళ్ళ మధ్య పాకినా ఎక్కడా తగులుకోదు. విసిరి, అడుగు తాకేదాకా దిగనిచ్చి, తర్వాత ఏమీ చెయ్యకూడదు. ఈ ఏమీ చెయ్యకపోవడం మగవాళ్ళకి చేతకాదు. వదిన గాలపు కర్ర పట్టుకుని, దాని తీగ వదులుగా వదిలేసి, నశ్యం నములుతూ కూర్చుంటుంది. చలికాలంలో అయితే మరీను. చూస్తున్నవాడికి ఆవిడ నిద్రపోయిందేమో అనిపిస్తుంది. బాస్ వచ్చి దాన్ని చూస్తుంది, వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది. కదలని ఆ ముక్కని చూసి చూసి ఉండబట్టలేక నోట పెడుతుంది. అప్పుడు కూడా ఆవిడ లాగదు. అది తనంతట తాను కదిలి పక్కకి పోతున్నప్పుడు, తీగ ఇటు నుంచి అటు జరగడం చూసి, అప్పుడు లాగుతుంది.

మా అన్న దీనికి సరిగ్గా తలకిందులు. కొయ్య ఎర విసరడం, చక్రం గిరగిరా తిప్పడం, మళ్ళీ విసరడం. మధ్యాహ్నానికి సరస్సు మొత్తాన్ని ఒకసారి చిలికి పెడతాడు. మనిషి మంచివాడు. ఏడుస్తున్న పిల్ల కనిపిస్తే చేతిలో ఉన్నది ఇచ్చేసే రకం. కానీ నిమిషం ఆగలేడు. చేప పడ్డాక గాలం దగ్గరి తీగ గరుకెక్కి బలం తగ్గుతుంది, ఆ మేర కోసేసి ముడి మళ్ళీ కట్టుకోవాలి. అది కూడా మా అన్నకి తీరిక లేని పనే.

ఇక అసలు సంగతికొస్తాను. వదిన నాన్న అమోస్ తన చేత్తో ఎరలు చెక్కేవాడు. ఆనకట్ట నీళ్ళలో పాత ఊరు మునిగే ముందు చర్చిని విప్పేస్తుంటే, ఆయన ఒక బల్ల మోసుకొచ్చుకున్నాడు. ముప్పై ఏళ్ళు దాని మీద కూర్చుని నిద్రపోయాను, అది నాదే అన్నాడట. ఆ బల్ల చెక్కతో ఎరలు చేశాడు. నీళ్ళలో మునకెయ్యాలని ముందువైపు పెదవిలా ఉండే రేకుని నశ్యం డబ్బా మూత కోసి పెట్టాడు. లాగితే అవి ఒళ్ళంతా ఊపుకుంటూ, పొట్ట ముందుకేసుకుని, ఆదివారం విందుకి బయల్దేరిన పాస్టరుగారిలా నడిచేవి. అందుకే వాటిని పాస్టర్లు అనేవాళ్ళం. ఒక్కొక్క పాస్టరూ ఒక్కొక్క చేప నోట్లో పోయింది. ఆయన పోయేనాటికి మిగిలింది ఒక్కటి. అది పొయ్యి పైన మేకుకి వేలాడుతుండేది. వదిన దాన్ని ఎప్పుడూ నీళ్ళలో వెయ్యలేదు. గ్రేవీ కలుపుతూ కలుపుతూ ఓసారి దాన్ని వేలితో తాకేది, అంతే.

ఒక అక్టోబరులో, క్లబ్బు పోటీకి ముందు, అన్న ఆ పాస్టరుని అడిగాడు. వదిన గ్రేవీ కలుపుతూ దాన్ని వేలితో ఓసారి తాకింది. చివరికి దించి అతని చేతిలో పెట్టింది.

"చేపకి పోతే పోనీ హెర్షెల్. మా నాన్న దాన్ని చేసిందే అందుకు. కానీ ముడి మళ్ళీ మళ్ళీ కట్టుకో. నీ బద్ధకానికి మాత్రం పోనివ్వకు."

"పిచ్చిదానా, నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు అన్న.

ఆ సాయంత్రం తూకం దగ్గరికి అన్న ఒట్టి చేతులతో వచ్చాడు. చేపా లేదు, పాస్టరూ లేదు. ఉన్నదల్లా కథ. వంతెన స్తంభాల దగ్గర, నల్లటి లోతులో, బాస్ కాదు అది దెయ్యం, పాస్టరుని టోపీతో సహా మింగి, పడవని చుట్టూ తిప్పి, తీగ ఠప్పున తెంపుకుపోయిందిట. మా అన్న చెబుతుంటే గెలిచినవాడు కూడా తన చేపల్ని వదిలేసి వచ్చి విన్నాడు. అంత బాగా చెప్పాడు. మర్నాటికి ఆ చేపకి పేరు కూడా పెట్టేశారు, జెజెబెలు అని, బైబిల్లో గయ్యాళి రాణి పేరు. మనిషన్న ప్రతివాడూ వంతెన కింద దానికోసం ఎరలు విసరడం మొదలుపెట్టాడు.

వదిన మాత్రం ఒకటే అడిగింది. "ముడి ఊడిందా, తీగ తెగిందా?"

"తెగింది."

"వంతెన దగ్గరే?"

"వంతెన దగ్గరే. నీ మీద ఒట్టు."

"అయితే సరే," అని పొయ్యి వైపు తిరిగింది.

అరిచి ఉంటే బాగుండేది. గిన్నె విసిరినా మాకు అలవాటే. ఆవిడ ఎప్పటిలాగే వండింది, వడ్డించింది, అతనితో నవ్వుతూనే మాట్లాడింది. కానీ ఆ రోజునుంచి అతని పడవ ఎక్కడం మానేసింది. పెళ్ళైన నాటినుంచి ప్రతి ఆదివారం, చర్చి ఎగ్గొట్టి మరీ, ఆ పడవలో ముందు అతనూ వెనక ఆవిడా కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఆవిడ చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. అది చూసి ఊళ్ళో వాళ్ళు మారుమనసు అనుకున్నారు. నాకు మాత్రం భయమేసింది. మనిషిని నమ్మలేక ఆ మనిషి పక్కన కూర్చోలేకపోవడం అది. ఎర సంగతి కాదు.

ఆ జనవరిలో నీళ్ళు దిగాయి. అన్న బాధ చూడాలి. మట్టిలోకి అందరితో పాటు వచ్చేవాడు కానీ, సరస్సు పాయ ఒకటి చొచ్చుకుపోయిన పాసమ్ లోయ వైపు మాత్రం వెళ్ళేవాడు కాదు. అదేమిటంటే అక్కడ బురద ఎక్కువ అనేవాడు, మోకాలు దాకా బురదలో నిలబడి. సాయంత్రం వదిన సంచి బల్ల మీద బోర్లించే వేళకి వచ్చి, తేలు కుట్టిన దొంగలా ఓ మూల స్టూలు మీద కూర్చునేవాడు. వదిన కూడా సంచి ఒక్కసారిగా బోర్లించేది కాదు. ఒక్కొక్కటే తీసి, దీపం కింద తిప్పి చూసి, పక్కన పెట్టేది. ఒక్కొక్క దానికీ మా అన్న ఒక్కొక్క ఏడాది ముసలివాడయ్యేవాడు. ఆఖరిది కూడా అయిపోయాక ఊపిరి వదిలి, "ఆకలేస్తోందే, ఏమన్నా ఉందా?" అనేవాడు.

ఆ శీతాకాలం అలా గడిచింది. మరుసటిది కూడా.

మూడో శీతాకాలంలో ఓ పొద్దున్న, కొట్టు నిండా జనం. బక్ హార్గ్రోవ్ తన వంతు పాపం ఒప్పుకుని, ఎర జేబులో వేసుకుని, పోతూ పోతూ పుల్ల పెట్టాడు.

"ఊళ్ళో మగాళ్ళందర్నీ గోడెక్కించావు నెల్డమ్మా. మరి మీ ఆయన పాస్టరు ఈ గోడ మీదికి ఎప్పుడొస్తాడో?"

అందరూ నవ్వారు. అన్న బిస్కట్ మధ్యలో ఆపాడు.

వదిన గరిటె కింద పెట్టి, చేతులు తుడుచుకుంది. "రాదు బక్. దాన్ని చేప తీసుకుపోయింది. ఆయన నా మీద ఒట్టేసి చెప్పాడు. మా ఆయన ఎవరితోనైనా కోతలు కోస్తాడేమో, నాతో అబద్ధం చెప్పడు. అందుకే నేను దానికోసం వెతకడం కూడా మానేశాను."

అని మళ్ళీ గరిటె తీసుకుని గ్రేవీ కలుపుకుంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఇంత కూడా లేదు. అన్న ఆ బిస్కట్ తినలేదు. అతను బిస్కట్ వదిలెయ్యడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు, మా అమ్మ పోయిన రోజున కూడా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే నా తలుపు కొట్టాడు. "బూట్లేసుకోరా రాయిసూ. పాసమ్ లోయకి పోదాం."

"అక్కడ బురద కదా?"

"నోరు మూసుకుని రా."

దారిలో నోరు విప్పాడు. వంతెనా లేదు, దెయ్యమూ లేదు. ఆ రోజు వరసగా రెండు చిన్నచేపలు పడి జారిపోయాయట. తీగ గరుకెక్కింది. ముడి మళ్ళీ కట్టుకోవాలని తెలుసు, తర్వాత కడదాంలే అనుకున్నాడు. లోయలో రెండు కొమ్మల మోడుకి పాస్టరు తగులుకున్నాడు. తగులుకున్న ఎరని విడిపించాలంటే తీగ వెంబడి సీసపు గుండు జార్చి టకటకా తట్టాలి, ఓపిగ్గా. గుండు పెట్టెలోనే ఉంది. కానీ తూకానికి టైమైపోతోంది. ఓ గుంజు గుంజాడు.

"ఒక్క గుంజు రాయిస్. ఠప్పుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది నాకు."

"మరి వంతెనెందుకు చెప్పావు?"

"అందరూ చూస్తున్నార్రా. మాట దానంతటదే వచ్చేసింది. ఇంటికొచ్చాక దానికి నిజం చెబుదామనే అనుకున్నా. అది నా మొహంలోకి చూసి ఒకటే అడిగింది. అప్పుడు కూడా వంతెనే వచ్చింది."

రెండు కొమ్మల మోడు లోయ మలుపులో, బురద ఆరి బీటలువారిన చోట నిలబడి ఉంది. దాని కొమ్మల చీలికలో, చేతికందే ఎత్తులో, పాస్టరు. పొట్ట ముందుకేసుకుని, నశ్యం డబ్బా మూత తళతళలాడుతూ. ముక్కు దగ్గర అన్న కట్టిన ముడి అలాగే ఉంది, బెత్తెడు గరుకు తీగతో సహా.

అన్న దాని ముందు టోపీ తీశాడు. నేను దగ్గరికెళ్ళి చూశాను.

"అన్నాయ్, గాలాలు చూడు. తుప్పు లేదు. మెరుస్తున్నాయి."

"చర్చి బల్ల కదురా," అన్నాడు గొంతు తగ్గించి. "మహిమ."

నాకూ అలాగే తోచింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పొద్దున్న నేను కూడా కాస్త దేవుణ్ణి నమ్మాను.

విడిపించి చేతిలోకి తీసుకున్నాడు. లోయ చివర పాత నది కాలవలో ఇంకా లోతు నీళ్ళున్నాయి. ఆ ఒడ్డుకి వెళ్ళి నిలబడ్డాడు. చెయ్యి వెనక్కెత్తాడు. విసిరేస్తే జెజెబెలు బతుకుతుంది, వంతెన బతుకుతుంది, వదినకి తెలిసే దారే ఉండదు. చెయ్యి అలా ఎత్తి ఉంచి చాలాసేపు నిలబడ్డాడు. చేతిలో ఉన్నది ఆవిడ నాన్న. దాన్ని ఆవిడకి ఇవ్వాలంటే తన ఒట్టు అబద్ధమని ఒప్పుకోవాలి.

చెయ్యి దించాడు. ఇక మొదలుపెట్టాడు బేరాలు.

"ఓ పెద్ద బాస్‌ని పట్టి, దాని పొట్టలో ఇది పెట్టి, మీ వదిన ముందే కోస్తే?"

"రెండేళ్ళ పైన పొట్టలో పెట్టుకుని తిరిగిందంటావా? వదిన ఇప్పటిదాకా కొన్ని వేల చేపలు కోసింది."

"వంతెన నుంచి కొట్టుకొచ్చిందని చెబితే?"

"ఎదురు ప్రవాహంలోనా? కొండెక్కిందా పాస్టరు?"

"నీకు దొరికిందని చెప్పి ఇవ్వరా. నా పేరెత్తకు."

"ఆ ముడి ఎవరిదో వదినకి తెలీదూ? ఊళ్ళో అంత వంకర ముడి ఇంకెవరు కడతారు?"

అతను బీటలువారిన మట్టిలో కూలబడ్డాడు. "అది నన్ను నమ్మిందిరా," అన్నాడు. "నిన్న అందరిముందూ చెప్పిందే, విన్నావుగా. నమ్మకపోయినా బాగుండేది." కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా అన్న ఏడవడం నాకు నచ్చలేదు. వెక్కిరించడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు.

శనివారం వచ్చింది. శనివారం పొద్దున్న కొట్లో నిలబడ్డానికి చోటుండదు. బక్ ఉన్నాడు, క్లబ్బువాళ్ళున్నారు, పాస్టరుగారు కూడా ఉన్నారు, ఆయనకి మర్నాటి ప్రసంగానికి గ్రేవీ కావాలి. అన్న లోపలికొచ్చి, బల్ల చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాడు. చొక్కా జేబులోంచి పాస్టరుని తీసి, గోడ మీద ఖాళీ మేకుకి తగిలించాడు. ఎవరో నవ్వబోయి ఆగారు. వదిన చేతిలో గరిటె ఆగిపోయింది.

"చేప కాదు," అన్నాడు అన్న. గోడకి తప్ప ఎవరికీ వినపడలేదు. దగ్గాడు.

"తొట్టెల దాకా వినపడాలి," అంది వదిన. అందరితో అన్నట్టే అంది, కానీ గొంతు అందరితో ఉన్నట్టు లేదు.

"చేప కాదు, మోడు!" కొట్టు దద్దరిల్లేలా అన్నాడు. "వంతెన కాదు, పాసమ్ లోయ. జెజెబెలు లేదు, ఏ గాడిదా లేదు. తీగ గరుకెక్కింది. నువ్వు చెప్పినా నేను ముడి కట్టలేదు. గుండు జార్చడానికి ఓపిక లేక గుంజాను. నీ మీద ఒట్టేసి అబద్ధం చెప్పాను నెల్డా. నీ మీద."

రెండేళ్ళ పైన వంతెన కింద ఎరలు విసిరినవాళ్ళంతా మా అన్నని కొట్టేలా చూస్తున్నారు.

వదిన గరిటె పక్కన పెట్టింది. గోడ దగ్గరికి వచ్చింది.

"రెండు కొమ్మల మోడు కదూ?" అంది. "కుడి కొమ్మ పక్కన?"

అన్న నోరు తెరిచాడు. "నీకెలా తెలుసు?"

"మొదటి జనవరిలోనే దొరికింది నాకు. గాలాలు తుప్పుపట్టి రాలిపోయేలా ఉంటే మార్చాను. రంగు పెచ్చులూడితే వేశాను. నీ ముడి మాత్రం ముట్టుకోలేదు. నీళ్ళు దిగ్గానే తీసుకెళ్ళి ఆ మోడుకే తగిలించేదాన్ని. నీళ్ళెక్కే ముందు మళ్ళీ తెచ్చుకునేదాన్ని."

"ప్రతి ఏడాదీనా?"

"మరి? నేను తెచ్చుకుంటే ఏముంది హెర్షెల్? నువ్వు తేవాలని."

మహిమ గురించి నేను మాట్లాడలేదు. అన్న కూడా మాట్లాడలేదు. కాసేపటికి అతనికి ఇంకో భయం పట్టుకుంది. "ఎంత పిచ్చిదానివే! మధ్యలో ఇంకెవడన్నా ఎత్తుకుపోతే?"

"పాసమ్ లోయలో చేపలుండవని నువ్వు తప్ప ఊరందరికీ తెలుసు. అక్కడ ఎర పోగొట్టుకునేవాడు ఇంకెవడున్నాడు? మరి వెతుక్కోడానికి ఎవడు పోతాడు?"

అప్పుడు పగిలింది నవ్వు. బక్ స్టూలు మీంచి పడబోయాడు. పాస్టరుగారు గ్రేవీ మింగలేక రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అన్న కూడా నవ్వాడు, ముక్కు తుడుచుకుంటూ. వదిన నవ్వలేదు. అతని మొహంలోకే చూస్తోంది, ఆ అక్టోబరు సాయంత్రం చూసినట్టే.

"ఇక నువ్వు తేవనుకున్నాను," అంది మెల్లగా. "ఈ ఏడాది తగిలించేటప్పుడు, ఇదే ఆఖరు అనుకున్నాను."

మేకు మీంచి పాస్టరుని తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది మీ నాన్నది," అన్నాడు అన్న వెనక్కి తగ్గి.

"గోడ ముందు నిలబడి నిజం చెప్పినవాడిది. అందరికీ ఒకటే రూలు."

అతను దాన్ని పట్టుకుని అలా నిలబడిపోయాడు. తర్వాత మూలనున్న వదిన గాలపు కర్ర తీశాడు. తీగ చివర గోళ్ళ మధ్య రాసి చూసుకుని, గరుకున్న మేర పంటితో కొరికి ఉమ్మేశాడు. పాస్టరు ముక్కుకున్న పాత ముడి కోసి పారేశాడు. కొత్త ముడి వేశాడు, మెల్లగా, ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టుకుంటూ. ఉమ్మితో తడిపి బిగించాడు. మా అన్న ముడి తడపడం ఊరు ఊరంతా నిలబడి చూసింది.

వదిన కర్ర తీసుకుని తీగని గట్టిగా లాగి చూసింది. ముడి ఊడలేదు.

"రేపు ఆదివారం," అంది. "పడవలో నా చోటు ఖాళీగానే ఉందా, లేక ఆ జెజెబెలుని గానీ కూర్చోబెట్టావా?"

"ఖాళీగానే ఉంది," అన్నాడు అన్న.

పాస్టరుగారు విననట్టు ఇంకో బిస్కట్ అడిగారు.